పెంపుడు ప్రాణుల అమానతు: ఒక చిన్న వ్యాపారము

1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టమును చదువు కామర్సు విద్యార్థులకు 163వ సెక్షను క్రింద ఒక చిన్న ఉదాహరణము కనబడును. ఒకరు తమ ఆవును మరియొకరి సంరక్షణలో ఉంచిరి. అక్కడ ఆ ఆవు ఈనినది. ఆవుతోపాటు దూడను గూడ యజమానికి అప్పగించుట సంరక్షకుని బాధ్యత అని చట్టము చెప్పుచున్నది. పరీక్షలో రెండు మార్కుల కొరకు మనము వల్లించు ఈ ఆవుదూడల సంగతి నేడు హైదరాబాదు అపార్టుమెంట్లలో కొందరికి జీవనోపాధి అయినది. ఊరికి వెళ్లువారి కుక్కను, పిల్లిని, అక్వేరియములోని చేపలను రుసుము తీసికొని చూచుకొనుటయే ఆ వృత్తి. ఇంగ్లీషు మాటలో దీనిని పెట్ సిట్టింగ్ అనుచున్నారు.

ఒకరి సొత్తును తిరిగి అప్పగించు షరతుపై మనవద్ద ఉంచుకొనుట ఉర్దూలో అమానత్. తెలుగువారు ఆ మాటనే అమానతు అని వాడుకొనుచున్నారు. ధర్మశాస్త్రములు దీనిని నిక్షేపమనినవి. మనుస్మృతి లెక్కించిన పదునెనిమిది వ్యవహార పదములలో ఇది రెండవది. ఈ వ్యాపారమునకు ఇంతకన్న సరియైన పేరు మాకు తోచలేదు. ఏలయనగా ఖాతాదారుడు గిన్నెలో మేత పోయించుకొనుటకు మాత్రమే డబ్బు ఇచ్చుట లేదు. తన ఇంటి తాళపుచెవిని, తన పిల్లలు ప్రాణముగా చూచుకొను జీవమును మరియొకరి చేతిలో పెట్టి, దిగులు లేక ప్రయాణము చేయుటకు ఇచ్చుచున్నాడు. ఆ దిగులు తీర్చగలవారికి ఖాతాదారులు దొరకుదురు. దానిని పెంచువారికి ఉన్నవారును పోవుదురు.

పూర్వము మన పల్లెలలో ఇది వ్యాపారము కాదు. ఇంటివారు పెండ్లికి వెళ్లినచో పొరుగువారు బఱ్ఱెకు గడ్డి వేసెడివారు, కోళ్లను గంప క్రింద మూసెడివారు. దీనిని వృత్తిగా మలచినది ప్రధానముగా అమెరికావారు. నార్త్ కరోలినాకు చెందిన పాటీ మోరాన్ అను మహిళ 1987లో ఈ వృత్తిపై ఒక పుస్తకము ప్రచురించి, 1994లో పెట్ సిట్టర్స్ ఇంటర్నేషనల్ అను సంస్థను స్థాపించిరి. మన నగరములో ఈ అవసరము పెరుగుటకు కారణములు కంటి యెదుటనే ఉన్నవి. భార్యాభర్తలు ఇరువురును ఉద్యోగమునకు వెళ్లుచున్నారు. ఎదుటి ఫ్లాటువారి పేరు గూడ తెలియని కాలము వచ్చినది. విదేశములోనున్న పిల్లల వద్దకు తల్లిదండ్రులు నెలల తరబడి వెళ్లుచున్నారు. వారి ముసలి కుక్క మాత్రము ఇక్కడనే మిగులుచున్నది.

ఇందు రెండు విధములు కలవు. సంరక్షకుడు రోజునకు ఒకటి రెండు పర్యాయములు ఖాతాదారుని ఇంటికి పోయి చూచుట ఒకటి. జంతువును తన ఇంటికి తెచ్చుకొనుట మరియొకటి. విద్యార్థులకు మొదటిదే తగినదని మా అభిప్రాయము. పెట్టుబడి అక్కరలేదు, స్థలము అక్కరలేదు. పైగా పిల్లి తన చోటు మారినచో బెంగపడును. దానిని దాని ఇంటనే చూచుట మేలు.

మొదటి ఖాతాదారుని సంపాదించుట ఎట్లు? గోడలపై కాగితములు అంటించుట వలన ఫోనులు రావచ్చును గాని తాళపుచెవులు రావు. తాళపుచెవి చేతికి వచ్చునది తెలిసినవారి మాట వలననే. పశువైద్యుని వద్దనున్న కాంపౌండరు, కుక్కల ఆహారము అమ్ము దుకాణదారుడు, అపార్టుమెంటు వాచ్‌మన్, ఈ ముగ్గురి ఎదుట మన నడవడి బాగుండవలెను. వాచ్‌మన్‌ను చిన్నచూపు చూచువారు ఈ వృత్తిలో నిలువలేరు. యజమాని దూరదేశము నుండి ఫోను చేసి మొట్టమొదట అడుగునది అతనినే: “ఆ అబ్బాయి రోజూ వస్తున్నాడా? ఎంతసేపు ఉంటున్నాడు?”

పరిచయము కుదిరిన పిదప, ప్రయాణమునకు కొన్ని దినముల ముందే ఒకసారి ఆ ఇంటికి వెళ్లవలెను. దీనికి రుసుము అడుగరాదు. లోనికి పోగానే కుక్క తలపై చేయి వేయుట అనుభవము లేనివారి పని. ప్రక్కకు తిరిగి కూర్చుండి, దాని కన్నులలోనికి తేరి చూడక, అదియే వచ్చి వాసన చూచువరకు ఆగవలెను. యజమానులు మన మాటలకన్న ఈ ఐదు నిమిషముల ఓర్పునే ఎక్కువగా గమనింతురు. తరువాత నోటుపుస్తకము తీసి ప్రశ్నలు అడుగవలెను. ఏ పూట ఎంత తినును? ఏ మందులు వాడుచున్నారు? దేనికి భయపడును? ఇంతకు మునుపు ఎవరినైనను కరచినదా? వైద్యుని ఫోను నంబరేది? మీరు ఫోనులో దొరకనిచో ఎవరిని అడుగవలెను? చికిత్స అవసరమైనచో ఎంతవరకు ఖర్చు చేయవచ్చును? ఈ చివరి రెండు ప్రశ్నలకు సమాధానములు వ్రాసి సంతకము చేయించుకొనుట తప్పనిసరి. మనకు పగలైనపుడు అమెరికాలో రాత్రి. కుక్క పొట్ట ఉబ్బి బాధపడుచుండగా యజమాని నిద్ర లేచువరకు ఆగుట సాధ్యము కాదు.

టీకాల పత్రము చూడక ఏ కుక్కను గాని పిల్లిని గాని ఒప్పుకొనరాదు. రేబిస్ లక్షణములు బయటపడిన పిదప మనుష్యుడు గాని జంతువు గాని బ్రతుకుట దాదాపు అసంభవము. ఈ వృత్తిలో దిగువారు తామును వైద్యుని సలహాపై ముందుగానే టీకా వేయించుకొనవలెను. కాటు పడినచో పారుచున్న నీటిలో సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఇక పార్వో అను వ్యాధి 1978 ప్రాంతమున ప్రపంచమంతటను వ్యాపించినది. దాని వైరసు నేలపై నెలల తరబడి నిలిచియుండును. మన చెప్పుల వెంట ఒక ఇంటి నుండి మరియొక ఇంటి కుక్కపిల్లకు చేరగలదు. చేతులు కడుగుకొనుట, చెప్పులు వాకిట విడుచుట చాదస్తము కాదని దీనివలన తెలియును.

కొన్నింటిని కాదనవలసియుండును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు రామచిలుకను పంజరములో పెంచుట నేరము. నక్షత్ర తాబేలు విషయమును అట్టిదే. పాతబస్తీ ముర్గీ చౌక్ మొదలుకొని పక్షులమ్ము చోట్లు నగరమున ఎన్నియో ఉన్నవి గనుక, ‘మా చిలుకను పది దినములు చూడుము’ అని అడుగువారు తప్పక తారసపడుదురు. మర్యాదగా కారణము చెప్పి నిరాకరించుటయే ఉచితము.

ఇప్పుడు ఖాతాదారుని నిలుపుకొను సంగతికి వత్తము. అసలు వ్యాపారమంతయు ఇక్కడనే ఉన్నది. సంక్రాంతికి, దసరాకు, రంజాన్ పండుగకు, వేసవి సెలవులకు అందరును ఒక్కసారిగా ఊళ్లకు బయలుదేరుదురు. తక్కిన మాసములలో పని పలుచబడును. ప్రతి పండుగకు క్రొత్తవారిని వెదకుకొనువాడు ఏడాది పొడవున నిలువజాలడు. ఉద్యోగస్థుల కుక్కను రోజూ నడకకు తీసికొనిపోవు పని దొరకినచో ఆ ఖాళీ మాసములు గడచును. ఆ పని పాత ఖాతాదారులే ఇత్తురు.

ప్రతి దినము యజమానికి వార్త పంపవలెను. ‘అంతా బాగున్నది’ అని వ్రాసి ఒక ఫోటో జతపరచుట వార్త కాదు. ‘ఉదయము పెట్టినదానిలో సగము తిన్నది, మూత్రము రెండు పర్యాయములు, మలము గట్టిగా ఉన్నది, సాయంత్రపు మాత్ర మింగినది’ అనునది వార్త. చదువుటకు సొగసుగా ఉండదు, నిజమే. కాని యజమాని మనసు కుదుటపడునది దీనితోనే.

పిల్లుల విషయములో ఈ శ్రద్ధ రెండింతలు కావలెను. క్రొత్తవారు రాగానే పిల్లి మంచము క్రిందనో బీరువా వెనుకనో దాగుకొనును. గిన్నె ఖాళీ అయినది గనుక తిన్నదని వ్రాసి పంపువారు కలరు. కిటికీ గుండా వచ్చిన వీధిపిల్లి తినియుండవచ్చును గదా! పిల్లి రెండు మూడు దినములు ఏమియు తినక ఉన్నచో దాని కాలేయములో క్రొవ్వు చేరి ప్రాణాపాయము కలుగవచ్చును; బొద్దుపిల్లులకు ఈ ప్రమాదమెక్కువ. మగపిల్లి ఇసుక తొట్టిలో పలుమార్లు కూర్చుండి మూత్రము రాక అవస్థపడుచున్నచో, మరునాటివరకు ఆగక వైద్యుని వద్దకు కొనిపోవలెను. కావున పిల్లిని కంటితో చూడక తలుపు వేసి రారాదు. ఇసుక తొట్టిని శుభ్రము చేయుట నీచమైన పని అనుకొనువారు తెలిసికొనవలసినదేమనగా, పిల్లి ఆరోగ్యమును గురించి ఆ తొట్టి చెప్పినంత ఆ గిన్నె చెప్పదు.

మన వంటింటి పదార్థములలో వీనికి విషమైనవి అనేకము కలవు. ఉల్లి, వెల్లుల్లి, చాకొలెట్టు కుక్కలకు హానికరములు. ద్రాక్ష, ఎండుద్రాక్ష వాని మూత్రపిండములను చెడగొట్టవచ్చును. పండుగనాడు ప్రేమతో పెట్టు పాయసమునందును షీర్ ఖుర్మాయందును ఎండుద్రాక్ష ఉండును. బిర్యానీలో ఉల్లియు, ఉడికిన ఎముకలును ఉండును. ఉడికిన ఎముక చీలి గొంతులోనో ప్రేగులోనో గ్రుచ్చుకొనును. జ్వరమునకు మనము మింగు పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణము తీయగలదు. యజమాని ఇచ్చినది తప్ప మరేమియు పెట్టరాదు, పొరుగింటి పిల్లలను పెట్టనీయరాదు. వేసవిలో నడకకు సూర్యోదయమునకు ముందే పోవలెను. తారురోడ్డుపై మన ముంజేతి వెనుక భాగమును ఆనించి కొన్ని క్షణములు ఉంచలేనిచో కుక్క పాదములును ఓర్వలేవు. దీపావళినాడు సంధ్యకు ముందే బయటి పనులు ముగించి తలుపులు మూయవలెను. టపాసుల చప్పుడుకు పగ్గము తెంచుకొని పారిపోయిన కుక్కను మరునాడు వెదకుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

ఎంత జాగ్రత్తపడినను ఎప్పుడో ఒకప్పుడు ఏదో జరుగును. కుక్క మెట్లపై జారి కుంటినది, లేక అక్వేరియములో ఒక చేప చచ్చినది. ఆ సాయంత్రమే చెప్పువాడు ఒకడు. యజమాని వచ్చి చూచినపుడు ‘ఇప్పుడే అయినది’ అనువాడు మరియొకడు. ఇండ్లలో కెమెరాలు పెరిగిన ఈ దినములలో రెండవవాని మాట ఎంతసేపు నిలుచును? కెమెరా లేకున్నను వాచ్‌మన్ ఉండనే ఉన్నాడు. చట్టము సంరక్షకునిపై మోయలేని భారము వేయలేదు. సామాన్య వివేకము గలవారు తమ స్వంత సొత్తును ఎట్లు చూచుకొందురో అట్లే చూడవలెనని 151వ సెక్షను, అట్లు చూచినను నష్టము కలిగినచో, వేరు ఒప్పందము లేనంతవరకు, బాధ్యుడు కాడని 152వ సెక్షను చెప్పుచున్నవి. అయితే చట్టము నష్టపరిహారము నుండి తప్పించునే గాని ఖాతాదారుని మరల మన గుమ్మమునకు తీసికొని రాదు. జంతువు మరణించినచో ఆ వార్తను సందేశముగా పంపుట అమానుషము. ఫోనులో నోటితో చెప్పవలెను, కళేబరమును ఏమి చేయవలెనో వారిని అడిగియే చేయవలెను.

తాళపుచెవికి ఇంటి నంబరు చీటీ కట్టరాదు. స్నేహితులను ఆ ఇంటికి తీసికొనిపోరాదు. ఆ ఇంటి ఫోటోలను అందరును చూచునట్లు ఇన్‌స్టాగ్రాములో పెట్టుట దొంగలకు ఆహ్వానపత్రిక పంపుటయే.

పని బాగుగా సాగుచున్నపుడు మరియొక ప్రమాదము పొంచియుండును. ఎనిమిది ఇండ్లు ఒప్పుకొన్నామనుకొందము. ఇంటికి రోజునకు రెండు పర్యాయములు, పర్యాయమునకు అరగంట చొప్పున ఎనిమిది గంటలు గడచును. పదునారు ప్రయాణములకు పావుగంట చొప్పున మరి నాలుగు గంటలు. మొత్తము పన్నెండు. ఇక తరగతి ఎక్కడ, నిద్ర ఎక్కడ? ఇట్టివారే అరగంటను పది నిమిషములు చేయుదురు, పిల్లిని చూడకయే తలుపు వేయుదురు. విద్యార్థికి మూడు లేక నాలుగు ఇండ్లు చాలును; అవియును ఒకే ప్రాంతములో ఉండవలెను. మెహదీపట్నము, టోలీచౌకీ కలిపి చూచుకొనవచ్చును గాని మెహదీపట్నము, ఉప్పల్ కలిపి చూచుకొనుట వృథా ప్రయాస. పోటీదారునికన్న పది రూపాయలు తక్కువ చెప్పి పని పట్టుటయు మాకు నచ్చని పద్ధతి. తక్కువ రుసుమునకు ఎక్కువ ఇండ్లు కావలసివచ్చును, మరల ఆ పన్నెండు గంటల లెక్కయే ఎదురగును. మనకు జ్వరము వచ్చిననాడు ఎవరు పోవుదురో ఆ రెండవ వ్యక్తిని యజమానికి ముందుగానే పరిచయము చేసియుంచవలెను.

కాలేజీ కార్యవర్గము వారికి మా మనవి ఒక్కటి. మన విద్యార్థులలో పగలు చదివి సాయంత్రము దుకాణములలో పనిచేయువారు అనేకులు కలరు. రాజేంద్రనగరు పశువైద్య కళాశాల నుండి గాని, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల నుండి గాని ఒక వైద్యుని ఆహ్వానించి, ప్రథమ చికిత్స, టీకాలు, కాటునకు తక్షణము చేయవలసిన పని అను మూడు విషయములపై ఒక్క పూట బోధన ఏర్పాటు చేయింపగోరుచున్నాము. ఉపన్యాసము ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను జరిగినచో మెట్టమెదటి బెంచీ నుండి చివరి బెంచీ వరకు అందరికిని అందును. వేసవి సెలవులకు ముందే జరిగినచో, ఆ సెలవులలోనే కొందరికి మొదటి తాళపుచెవి చేతికి రావచ్చును.