వీధికీ ట్రాక్‌కీ ఒకే టైరు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ‘ఫార్ములా ఈ’ అనే విద్యుత్ కార్ల పందెంలో కార్లన్నీ హాంకూక్ సంస్థ తయారుచేసిన గాడులున్న టైర్లతోనే పరుగెత్తాయి. ఎండకూ వానకూ ఒకే రకం టైరు వాడడం ఆ పోటీ పద్ధతి. హనుమకొండ వీధుల్లో నిత్యం తిరుగుతూ, అప్పుడప్పుడు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్ళే స్పోర్ట్స్ కారుకూ ఈ పద్ధతే శ్రేయస్కరం.

మెత్తని రబ్బరు రోడ్డు గరుకులోకి ఒదిగి గట్టి పట్టునిస్తుంది గాని, ఆ మెత్తదనం వల్లనే త్వరగా అరిగిపోతుంది. అమెరికా ప్రమాణాన్ని అనుసరించే టైర్ల పక్కభాగంపై ఉండే ట్రెడ్‌వేర్ అంకె ఈ అరుగుదలను సూచిస్తుంది. 200 ఉన్న టైరు 400 ఉన్నదానికంటే త్వరగా అరుగుతుందని అర్థం. అయితే ఆ అంకెను తయారీదారులే నిర్ణయిస్తారు కాబట్టి, వేర్వేరు కంపెనీల టైర్లను దానితోనే పోల్చడం సరికాదు.

గాడులు తక్కువగా ఉండే సెమీ స్లిక్ టైరు పొడి ట్రాక్‌పై అద్భుతంగా పనిచేసినా, నిలిచిన నీటిని పక్కకు తోయలేక దానిపై తేలి అదుపు తప్పే ప్రమాదం ఎక్కువ. వానాకాలంలో వరంగల్ ప్రాంతపు రోడ్లపై నీరు నిలిచినప్పుడు అది ప్రాణాంతకం. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే, అంటే గాడి అడుగున ఉండే చిన్న రబ్బరు గట్టు టైరు పైభాగంతో సమమైతే, ఆ టైరును తప్పక మార్చాలి. ట్రాక్‌పై వేడెక్కినకొద్దీ టైరులో గాలి పీడనం పెరుగుతుంది కనుక, అక్కడ కొంత గాలి తీసినవారు తిరుగు ప్రయాణానికి ముందు, టైర్లు చల్లారాక, మళ్ళీ నింపించుకోవాలి.