వెయ్యి గజాల కొండ మీద పాత బుల్లెట్లు

బర్మింగ్‌హామ్: వారమంతా కాంక్రీటుతో, వానతో కుస్తీ పట్టే మాలాంటి వాళ్ళకి శని, ఆదివారాలంటే బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోను చేయడం, మిగిలితే నిద్ర. గత వేసవిలో మాత్రం మేం నలుగురం ఒక వారాంతం ఓవర్‌టైమ్ వదులుకుని ఉస్టర్‌షైర్‌లోని షెల్స్‌లీ వాల్ష్‌కి వెళ్ళాం. పాత మోటారు సైకిళ్ళు కొండెక్కే పోటీ చూడటానికి. డిక్కీలో టెంటు, పులిహోర, పెరుగన్నం, ఒక సీసా గోంగూర పచ్చడి. నలుగురిలో ఒకరిది నెల్లూరు, ఒకరిది కరీంనగర్, మేం ఇద్దరం గోదావరి వాళ్ళం.

కొండంటే ఎంత కొండ?

పేరుకి కొండే గానీ పొడవు వెయ్యి గజాలే, అంటే 914 మీటర్లు. ఆ కాస్త దూరంలోనే 328 అడుగులు పైకి లేస్తుంది. మా సైటు లెక్కలో చెప్పాలంటే, చక్రాల కుర్చీకి వేసే ర్యాంపు నిటారుగా ఉన్నా 12కి 1 వాలు దాటనివ్వం. ఇక్కడ సగటే 9కి 1. బాగా నిటారుగా ఉన్న చోట 6కి 1 దాకా వస్తుంది. 1905 ఆగస్టు 12న ఇక్కడ మొదటి పోటీ జరిగింది. ఆ రోజు అందరికంటే వేగంగా ఎక్కిన కారుకి పట్టిన సమయం 77.6 సెకన్లు. మొదలైన దారిలోనే నేటికీ పోటీలు జరుగుతున్న అతి పాత మోటారు పోటీల స్థలం ఇదేనని ఇక్కడి వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

పోటీ పద్ధతి తేలిక. ఒక్కో బండే వెళ్తుంది. పక్కన పోటీదారు ఉండడు, పోటీ గడియారంతోనే. వాలు మీద బండి వెనక్కి జారకుండా వెనక చక్రం కింద చెక్క దిమ్మ పెడతారు. పచ్చ లైటు వెలిగాక ఎప్పుడు బయల్దేరాలో రైడరు ఇష్టం. చక్రం కాంతిరేఖని దాటిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. బండి మీంచి పడితే ఇంజను దానంతటదే ఆగిపోయేలా చేతికి ఒక తాడు కట్టుకుంటారు.

మన బండి పుట్టిల్లు

బండ్లు నిలిపే చోట మనం దగ్గరికెళ్ళి చూడొచ్చు, మాట్లాడొచ్చు. నార్టన్, బీఎస్‌ఏ, వెలోసెట్ వరసగా ఉన్నాయి. అన్నీ ఒకప్పుడు మా బర్మింగ్‌హామ్‌లో తయారైనవే. వాటి మధ్యలో ఒక బుల్లెట్. మా నెల్లూరు మిత్రుడు అక్కడే ఆగిపోయాడు. రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టిల్లు రెడ్డిచ్ కూడా ఈ ఉస్టర్‌షైర్‌లోనే ఉంది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి మన దగ్గర కంపెనీ పెట్టారు. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. 1970కల్లా ఇంగ్లండులో తయారీయే ఆగిపోయింది. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో మాత్రం ఆగలేదు. పని కోసం మనం ఇటు వచ్చాం, బండేమో అటు వెళ్ళి బతికింది.

డెబ్బై దాటిన ఆ బండి యజమాని మావాడి చూపు గమనించి, "స్టార్ట్ చేస్తావా?" అన్నాడు. మావాడు డీకంప్రెసర్ లివర్ నొక్కి, కిక్‌ని మెల్లగా తిప్పి చూసుకుని, ఒక్క తన్ను తన్నాడు. డుగ్ డుగ్ మంది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. "నాన్న బండి ఇలాగే ఉండేదన్నా. నేనిక్కడికి రావడానికే అమ్మేశారు" అన్నాడు మావాడు. ఇంకేం మాట్లాడలేదు.

ఎర్ర జెండా

ఆదివారం మధ్యాహ్నం బాటమ్ ఎస్ అనే మలుపులో ఒకాయన జారి పడ్డాడు. వెంటనే ఎర్ర జెండా ఊపారు. కింద బయల్దేరబోతున్న బండి అక్కడే ఆగింది. అందరూ ఊపిరి బిగబట్టాం. రెండు నిమిషాల్లో ఆయన లేచి చెయ్యూపాడు. ఒంటి మీద తోలు సూటు, తలకి పోటీలకి తనిఖీ చేసి ముద్ర వేసిన హెల్మెట్. అవి లేకుండా ఎంత పేరున్న రైడరైనా గీత దగ్గరికి రానివ్వరు.

మా కరీంనగర్ తమ్ముడు మాత్రం చాలాసేపు కూర్చోలేదు. వాళ్ళ చిన్నాయన కొడుకు రెండేళ్ళ కింద ఊరి బయట బండి జారి పోయాడు. "గింత వేగం కూడా లేదన్నా. హెల్మెట్ హ్యాండిల్‌కే ఏలాడుతున్నది" అన్నాడు. ఆ బండి కొనడానికి డబ్బు పంపింది తమ్ముడే.

మనలో చాలామంది ఇంటికి పంపే డబ్బులో ఒక బండి ఉంటుంది. సైటులో టోపీ లేకపోతే మనం ఎవర్నీ గేటు దాటనివ్వం. అదే మాట ఇంట్లో గట్టిగా చెప్పలేకపోతున్నాం. ఇంగ్లండులో హెల్మెట్ 1973 నుంచే తప్పనిసరి. మన దగ్గరా చట్టం ఉంది, పాటించేది పోలీసు కనబడినప్పుడే.

వీలైతే మీరూ ఒక వేసవి వారాంతంలో వెళ్ళి చూడండి. చలికోటు, గొడుగు మర్చిపోవద్దు. ఈసారి బండికని డబ్బు పంపేటప్పుడు మాత్రం, ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్‌కి కూడా కలిపి పంపండి. అది పెట్టుకున్న ఫొటో వచ్చాకే మిగతా సొమ్ము అనండి. కోపగించుకుంటారు. కోపగించుకోనివ్వండి, పరవాలేదు.