ఎండాకాలమని టైర్లో గాలి తగ్గించకండి

ఏప్రిల్ వచ్చిందంటే నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా పంక్చర్ షాపుల దగ్గర ఒకటే మాట: "ఎండలు ముదిరినయ్ అన్నా, నాలుగు పాయింట్లు తక్కువ కొట్టు." ఈ జాగ్రత్తే ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎందుకో తెలియాలంటే ముందు రబ్బరు సంగతి చూడాలి. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడి తగిలిస్తే దారికొచ్చింది. పోచంపల్లి మగ్గాన్ని తలుచుకోండి. రబ్బరు అణువుల పొడవాటి గొలుసులు పడుగు, గంధకం పేక. పేక పడేదాకా పడుగు వట్టి దారాలే, పడ్డాకే బట్ట. అయితే ఈ నేతలో పేక ఒక తీరుగా ఉండదు. ఒకచోట ఒకే గంధక పరమాణువు రెండు గొలుసుల్ని పట్టుకుంటుంది. మరోచోట నాలుగైదు చేతులు కలిపి వంతెన కడతాయి. పొడుగు వంతెన సాగుతుంది, గుంతల దెబ్బలు ఓర్చుకుంటుంది. వేడికి ముందుగా తెగేదీ అదే. గంధకానికి గంధకంతో ఉన్న బంధం కార్బన్‌కు కార్బన్‌తో ఉన్నంత గట్టిది కాదు. 140, 150 డిగ్రీల వేడి అదేపనిగా తగిలితే వంతెనలు విడిపోతాయి, రబ్బరు మెత్తబడుతుంది. పేక ఊడిన బట్ట ఎంత బరువు మోస్తుంది?

నల్లగొండ ఎండ ఎంత మండినా 45, 46 డిగ్రీలే. మిగతా వేడి టైరులోనే పుడుతుంది. గాలి తక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కగోడ మడతపడి లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే చెయ్యి కాలినట్టే, రబ్బరూ కాగుతుంది. ఆ వేడిని తొందరగా వదలదు. అలా పాడైన టైరు విప్పి చూడండి: లోపలి గోడ చుట్టూ వలయంలా ఒరిపిడి, వేలికి అంటుకునే నల్లటి పొడి.

వేడికి గాలి ఒత్తిడి పెరగదా? పెరుగుతుంది. 27 డిగ్రీల దగ్గర 32 పాయింట్లున్న కారు టైరు 67 డిగ్రీలకు చేరితే సుమారు 38 అవుతుంది. ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే కంపెనీ అంకె రాస్తుంది. నైట్రోజన్ నింపినా ఇదే లెక్క. మామూలు గాలిలోనే అది 78 శాతం.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తే గంధకం వంతెనలు గట్టిపడవు. పొద్దున్నే, బండి కదలకముందు, చల్లటి టైరుకు గేజి పెట్టండి. డోరు పక్కన రాసున్న అంకె ఎంతో అంత కొట్టించండి, మే నెలలో కూడా.