పేరు చెరిపినా... ఊరు చెప్పేస్తుంది!

ఆసుపత్రి రికార్డులోంచి పేరు తీసేస్తే ఆ రోగి ఎవరో తెలియదనుకుంటాం. కానీ పుట్టినతేదీ, పిన్‌కోడ్ లాంటి చిన్న చిన్న ఆనవాళ్లే గుట్టు విప్పేస్తాయి. ఆ వివరాలు నాలుగుచోట్ల ఉన్నప్పుడు మరీనూ!

రక్తపరీక్ష రిపోర్టు ఫోన్‌కే వచ్చేస్తోంది. మందులు ఆప్‌లో కొంటున్నాం. బీమా ప్రీమియం ఆన్‌లైన్‌లోనే కట్టేస్తున్నాం. మరి ఆ వివరాలన్నీ ఎక్కడుంటాయి? చాలావరకూ 'క్లౌడ్'లో. పేరుకు మబ్బే కానీ అది ఉండేది నేలమీదే. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ లాంటి సంస్థలు అద్దెకిచ్చే భారీ కంప్యూటర్ల కేంద్రాలవి. అమెజాన్ 2022లో హైదరాబాద్‌లోనూ వాటిని ప్రారంభించింది.

చాలా కంపెనీలు ఒకే క్లౌడ్‌ని నమ్ముకోవు. బిల్లులు ఒకచోట, రిపోర్టులు మరోచోట దాస్తాయి. ఆ సమాచారాన్ని పరిశోధనకో విశ్లేషణకో ఇవ్వాల్సి వస్తే పేరు, ఫోన్ నంబరు తీసేస్తాయి. మనిషి ఆనవాలు తెలియకుండా చేసే ఈ పనినే 'అనానిమైజేషన్' అంటారు. అంతటితో భద్రమేనా?

గవర్నరుగారి గుట్టు

1990ల మధ్యలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం తన ఉద్యోగుల వైద్య వివరాలను పరిశోధకులకు ఇచ్చింది. పేర్లు తీసేశాం కాబట్టి భయంలేదని గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చారు. అప్పుడు ఎంఐటీలో చదువుతున్న లతాన్యా స్వీనీకి అనుమానం వచ్చింది. ఇరవై డాలర్లు పెట్టి గవర్నరుండే కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితా కొన్నారు. ఆయన పుట్టినతేదీ ఉన్నవాళ్లు ఆ ఊళ్లో ఆరుగురే. అందులో మగవాళ్లు ముగ్గురు. ఆయన పిన్‌కోడ్‌లో ఉన్నది ఒక్కరే! ఇంకేముంది, గవర్నరుగారి వైద్య రికార్డు దొరికిపోయింది. పుట్టినతేదీ, లింగం, పిన్‌కోడ్... ఈ మూడూ కలిస్తే అమెరికన్లలో 87 శాతం మంది ప్రత్యేకంగా తేలిపోతారని 2000లో ఆమె లెక్కగట్టారు.

సినిమాలే పట్టించాయి

2006లో నెట్‌ఫ్లిక్స్ ఓ పోటీ పెట్టింది. సినిమాలు సిఫార్సు చేసే విధానాన్ని మెరుగుపరిస్తే పది లక్షల డాలర్ల బహుమతి అంది. అందుకోసం దాదాపు 4.8 లక్షలమంది చందాదారులిచ్చిన రేటింగులను పేర్లు లేకుండా విడుదల చేసింది. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ వాటిని ఐఎండీబీ వెబ్‌సైట్‌లో జనం బహిరంగంగా ఇచ్చిన రేటింగులతో పోల్చారు. మనుషుల్ని గుర్తుపట్టొచ్చని 2008లో నిరూపించారు. ఎనిమిది సినిమాల రేటింగులు, రెండు వారాలు అటూ ఇటుగా వాటి తేదీలు తెలిస్తే చాలట, 99 శాతం రికార్డులు విడిగా తేలిపోతాయి! రెండో పోటీని నెట్‌ఫ్లిక్స్ 2010లో రద్దు చేసుకుంది.

గమనించారా? రెండు సందర్భాల్లోనూ ఎవరూ తాళం పగలగొట్టలేదు. రెండుచోట్ల ఉన్న ముక్కల్ని పక్కపక్కన పెట్టారంతే. అనేక క్లౌడ్‌ల విషయంలోనూ ప్రమాదం అదే. ఒక్కోచోట విడివిడిగా చూస్తే ఏమీ తెలియదు. కలిపితే మనిషి కనిపిస్తాడు. అప్పుడు బయటపడేది ఏ సినిమా పిచ్చో అయితే నవ్వుకుంటాం. ఏ హెచ్ఐవీ రిపోర్టో, మానసిక వైద్యుడిచ్చిన మందులచీటీయో అయితే? ఉద్యోగం, పెళ్లి సంబంధం... దేనికైనా అడ్డం రావచ్చు.

మరి దారేది?

సమాచారమే ఇవ్వకూడదంటే వైద్య పరిశోధన ముందుకు సాగదు. అందుకే నిపుణులు మూడు దారులు చూపిస్తారు.

మొదటిది, పేరు బదులు రహస్య సంకేతం వాడటం. ఒకే సంకేతాన్ని అన్ని క్లౌడ్‌లలో వాడితే అదే కొత్త పేరైపోతుంది. కాబట్టి చోటుకో సంకేతం ఉండాలి. ఎవరిది ఏదో చెప్పే పట్టిక వేరేచోట భద్రంగా ఉండాలి.

రెండోది, వివరాన్ని మసకబార్చడం. పుట్టినతేదీకి బదులు '40-50 ఏళ్లు' అనీ, పిన్‌కోడ్‌లో మొదటి మూడంకెలే అనీ ఇస్తారు. ఒకే రకంగా కనిపించేవాళ్లు కనీసం ఇంతమంది ఉండాలన్నది నియమం. దీన్ని 'కే-అనానిమిటీ' అంటారు. స్వీనీ, పియరాంజెలా సమరాటి ప్రతిపాదించిన పద్ధతిది.

మూడోది, లెక్కల్లో కావాలనే కాస్త తేడా కలపడం. మొత్తం చిత్రం దాదాపు సరిగ్గానే ఉంటుంది, ఒక్క మనిషి మాత్రం దొరకడు. సింథియా డ్వర్క్ బృందం 2006లో ప్రతిపాదించిన ఈ 'డిఫరెన్షియల్ ప్రైవసీ'ని అమెరికా 2020 జనాభా లెక్కల్లో వాడింది.

మన దగ్గర...

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. తగిన భద్రత కల్పించని సంస్థకు రూ.250 కోట్ల వరకూ జరిమానా వేయొచ్చంటుందా చట్టం.

చట్టం సంగతి సరే, మన చేతిలోనూ కొంత ఉంది. షాపింగ్ మాల్‌లో లక్కీడ్రా కూపన్ నింపేటప్పుడు పుట్టినతేదీ వాళ్లకెందుకో అడగండి. ఆసుపత్రివాళ్లు 'పేర్లు తీసేసే ఇస్తామండీ' అంటే, 'మరి పుట్టినతేదీ, పిన్‌కోడ్?' అనండి. జవాబు రాకపోతే సంతకం పెట్టే ముందు ఇంకోసారి ఆలోచించుకోవచ్చు!