వంటింటి సన్‌మైకా హాల్లోకొచ్చిన కథ

మన వంటింటి అలమార్లకు సన్‌మైకా అతికిస్తాం కదండీ! తడిగుడ్డతో తుడిస్తే చాలు, జిడ్డు పోతుంది. అలాంటి షీటునే ఇటలీలో కొందరు హాల్లోకి తెచ్చి, పెద్ద దుమారమే లేపారు.

1980 డిసెంబరులో మిలాన్‌లో ఎత్తోరె సొత్సాస్ గారింట్లో కొందరు యువ డిజైనర్లు చేరారు. ఆయనకప్పుడు 63 ఏళ్లు. రికార్డు ప్లేయరు మీద బాబ్ డిలన్ పాట వస్తోంది. అందులో వినిపించిన 'మెంఫిస్' అనే ఊరి పేరే తమ బృందానికి పెట్టుకున్నారు.

వస్తువు పనికొస్తే చాలు, రంగులూ హంగులూ దండగ అని అప్పటి పెద్ద డిజైనర్ల మాట. ఖరీదైన చెక్క, పాలరాయి గొప్పవి. ప్లాస్టిక్ షీటు హోటలు బల్లలకూ వంటిళ్లకూ చాలు. ఇలాగని ఎవరు నిర్ణయించారు? అదే వీళ్ల ప్రశ్న.

1981 సెప్టెంబరులో తొలి ప్రదర్శన పెట్టారు. సొత్సాస్ చేసిన 'కార్ల్‌టన్' పుస్తకాల అలమారకు ఒళ్లంతా రంగురంగుల షీట్లే. అడ్డుపలకలు ఏటవాలుగా ఉంటాయి, పుస్తకాలు వాటికి ఒరిగి నిలబడతాయి. మార్తీన్ బెదాన్ అనే ఫ్రెంచి యువతి చేసిన దీపానికైతే పిల్లల బొమ్మబండిలా చక్రాలు! కొందరు మెచ్చుకున్నారు, కొందరు ఇదేం వికారమన్నారు.

ఒక్క లోటు చెప్పాలి. షీటు మామూలుదే అయినా, ఆ సామాన్ల ధర మాత్రం సామాన్యులకు అందలేదు. చాలావరకు మ్యూజియాలకూ ధనవంతుల ఇళ్లకూ చేరాయి. 1985లో సొత్సాస్ తప్పుకున్నారు. కొన్నేళ్లకే బృందం విడిపోయింది.

అయినా వాళ్లడిగిన ప్రశ్న మనకూ పనికొస్తుంది. ఈసారి అలమారకు రంగు ఎంచుకునేటప్పుడు, చూసినవాళ్లేమంటారో అని కాక, రోజూ దాని ముందు నిలబడే మనకేది హాయిగా ఉంటుందో చూసుకుందాం.