తవుడు – విదేశ వ్యాపారము

సారము లేని ప్రసంగమును మనవారు ఊకదంపు డందురు. నేడు నేను ఊకను విడిచి, దాని ప్రక్కనే యుండు తవుడును గూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచితిని. జీవితమంతయు పిల్లలకు పాఠములు చెప్పిన వానికి తవుటి బేరముతో నేమి పని యని మీరడుగవచ్చును. మా యింట రెండు ఎనుములు కలవు. ఎనుములు గలవానికి తవుటి వెల తెలియక దినము గడవదు.

నూరు పాళ్ల వడ్లు మరలో ఆడించినచో ఇంచుమించు 20 పాళ్లు ఊకయు, 65 మొదలు 70 పాళ్ల వరకు బియ్యమును, 5 మొదలు 8 పాళ్ల వరకు తవుడును వచ్చును. పరిమాణమున తవుడు స్వల్పమే. గింజలోని బలమున అధికభాగము మాత్రము ఆ పలుచని పొరయందే యున్నది. నూరు పాళ్ల మేలైన తవుటిలో 15 మొదలు 20 పాళ్ల నూనె గలదు. మాంసకృత్తులు 12 పాళ్లకు తక్కువ గాదు. జావా ద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లగా పాలిషు పట్టిన బియ్యమే తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, పైపొర తీయని బియ్యము పెట్టగా అవి కోలుకొనుటయు కనిపెట్టెను. బెరిబెరి రోగకారణము తెలియుటకు అదియే తొలిమెట్టు. ఆయనకు 1929లో నోబెల్ బహుమానము లభించినది.

నా బాల్యమున ఇంటనే వడ్లు దంచెడివారు. దంచిన స్త్రీలకు కూలిగా నూకలో, తవుడో కొలిచి యిచ్చుట వాడుక. మిగిలిన తవుడు కుడితిలో గలిసి పశువుల కడుపున చేరెడిది. పేడయై చేనికి పోయెడిది. తవుడు ఊరి పొలిమేర దాటుట యరుదు.

అయినను తవుడు సముద్రము దాటుట నేటి మాట గాదు. బర్మా 1937 వరకు హిందూదేశ ప్రభుత్వము క్రిందనే యుండెను. రంగూను మరలలో బియ్యము తెల్లచేయగా వచ్చిన తవుడు ఓడలపై ఐరోపాకు పోయి అచ్చటి పశువులకు మేత యయ్యెడిది. ఆ మరలలో బస్తాలు మోసినవారిలో మన తెలుగు కూలీలు వేలకొలది యుండిరి. 1942లో జపాను వారు బర్మా నాక్రమించినప్పుడు వారిలో ననేకులు కాలినడకను అడవులు దాటి తిరిగి రావలసిన వారైరి.

తరువాత తవుటి గతిని మార్చినది నూనె. మర నుండి వెలువడిన కొన్ని గంటలలోనే తవుటిలోని నూనె విరిగి పులియ నారంభించును. అందుచే పూర్వము అది తినుటకు పనికివచ్చెడిది కాదు. పాతకాలపు హల్లరు మరలలో ఊకయు తవుడును గలిసిపోవుటచే నూనె తీయుట లాభింపదు. ఊకను వేరుచేయు రబ్బరు రోలర్ల మరలు వచ్చిన పిదప శుద్ధమైన తవుడు దొరకినది. దానిని వెంటనే వేడిచేసి, హెక్సేను అను ద్రవముతో కడిగి నూనె నంతయు లాగెదరు. మిగిలినది నూనె తీసిన తవుడు. అది త్వరగా చెడదు గనుక ఓడ నెక్కుటకు తగినది.

ఈ విధముగా మన దేశమునుండి ఏటేట సుమారు 5, 6 లక్షల టన్నుల నూనె తీసిన తవుడు వియత్నాము, బంగ్లాదేశము మొదలగు ఆసియా దేశములకు పోవుచుండెను. దేశమున దాణా వెలలు పెరిగి, దానితో పాల వెలయు పెరుగగా, 2023 జూలై 28న కేంద్రప్రభుత్వమువారు ఆ యెగుమతిని నిషేధించిరి. నిషేధము పలుమారులు పొడిగింపబడి 2025 అక్టోబరులో తొలగింపబడినది. ఈలోపల మొక్కజొన్ననుండి ఎథనాలు తీయగా మిగిలిన పిండి దాణా బజారున విస్తారముగా దిగి, తవుటికి పోటీ యయ్యెను.

నిషేధము మంచిదా, చెడ్డదా? మన సీమనే చూడుడు. 1860 ప్రాంతమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వ నారంభించి, 1882లో ప్రభుత్వపరమైన కర్నూలు–కడప కాలువ క్రింద వరి పండును. కాలువకు దూరమైన మెట్ట యూళ్లలో వేరుసెనగ, జొన్న, కంది. కాలువ క్రింది యూరు తవుడు నమ్మును; మెట్ట యూరు తవుడు కొనును. వెల తగ్గిన పాడి గలవానికి మేలు, వడ్లు గలవానికి నష్టము. అంతేకాదు. నూనె తీసిన తవుడు చెల్లకున్న మరవారు నూనె తీయుటయే తగ్గింతురు. మన దేశము తినెడి నూనెలో సగమునకు పైగా విదేశములనుండి తెచ్చుకొనుచున్నది. మేత నాపబోయి నూనె కొనుట యెట్టి లాభమో ఆలోచింపవలెను.

కాని రెండు పక్షములవారును లెక్కింపని సరకు మరియొకటి గలదు. నూరు పాళ్ల తవుటిలో సుమారు ఒకటిన్నర పాలు భాస్వర మున్నది. అది మన నేల సారము. ఆ లెక్కన ఐదు లక్షల టన్నుల తవుటితో 7,500 టన్నుల భాస్వరము ఓడ నెక్కును. పిదప దానినే డి.ఏ.పి. బస్తాల రూపమున పరదేశములనుండి మనము కొనుచున్నాము. ఇంటి పశువు తిన్నచో ఆ సారము పేడతో చేనికి మరల వచ్చును.

అట్లని ఎగుమతి మానవలె నని నేను చెప్పుట లేదు. ఇచ్చెడి వస్తువు వెల యెరిగి యిండని మాత్రమే నా మనవి. మన పల్లెలలోని అనేక మరలలో ఆడించుకూలి తీసికొనక, తవుడు తామే యుంచుకొను వాడుక గలదు. రైతు 'కూలి లేదు గదా' యని సంతసించి వచ్చును. నేనును చాలకాల మట్లే సంతసించితిని. ఒకనాడు కాగితముపై లెక్క వేసి చూడగా, నేను వదలిన తవుటి వెల కూలికంటె మిక్కిలి యెక్కువ యని తేలినది. లెక్కలు చెప్పిన పంతులు తన లెక్క తప్పె గదా యని ఇంట నవ్విరి.

కావున వడ్లు మరకు పంపుటకు ముందు ఆనాటి తవుటి ధర విచారింపుడు. కూలి రొక్కముగా నిచ్చి తవుడు తెచ్చుకొనుట మేలగునేమో లెక్క వేయుడు. తెచ్చిన తవుడు పులియకమునుపే వాడుడు. మీ యూర మిగిలినదానిని మెట్ట యూరికి ముందు అడిగి చూడుడు. అచ్చట అక్కరలేనిది రేవునకు పోయినను చింత లేదు.