గళ్ళ పలక మీద లెక్క తప్పకుండా ఉండాలంటే...

పలక అనగానే మన వైపు వాళ్ళకి మార్కాపురమే గుర్తుకొస్తుంది. చెక్క చట్రంలో బిగించిన ఆ నల్లరాతి పలక మీద అక్షరాలు దిద్దుకున్నవాళ్ళమే కదా మనమంతా! తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచేస్తే సరి. ఇప్పుడు మా అమ్మాయి హైదరాబాదులో ఒక ఆఫీసులో డేటా ఎనలిస్టు. అంటే లెక్కలు విడమరచి చెప్పే ఉద్యోగం. దాని పలక కంప్యూటర్లో ఉంటుంది, నిండా గళ్ళే. స్ప్రెడ్‌షీట్ అంటారు. ఎక్సెల్ అన్నా, ఫోనులో వచ్చే గూగుల్ షీట్స్ అన్నా ఇలాంటివే.

"ఆఫీసు వాళ్ళ గోల మనకెందుకమ్మా" అనుకోకండి. ఇంటర్‌తో చదువు ఆపేసి, గిద్దలూరులో వంటిల్లు చూసుకునే నేనూ అలాగే అనుకున్నాను. మా పొదుపు సంఘం లెక్కలు నా చేతికి వచ్చాక తెలిసింది, ఆ గళ్ళ గురించి తెలియకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో.

మా సంఘంలో పదిమందిమి. నెలకు మనిషికి 200 రూపాయల పొదుపు. ఏడాదికి ఒక్కొక్కరికి 2,400, మొత్తం 24,000 రావాలి. పుస్తకంలో రాసే లెక్కల్ని నేను సరదాపడి ఎక్సెల్‌లోకి ఎక్కించాను. ఏడాది చివర సమావేశంలో చూస్తే ఒకామె పేరు ఎదురుగా 2,200 అని వచ్చింది. "ఒక నెల కట్టలేదమ్మే నువ్వు" అన్నారు ఒకరు. "కంప్యూటరు అబద్ధం చెబుతుందా?" అన్నారు ఇంకొకరు. ఆమె కూలికి పోయే మనిషి. "నేను ఏ నెలా తప్పలేదు వదినా" అని నా వంకే చూసింది. నేను నోరు మెదపలేదు. ఆమె ఇంకేమీ అనకుండా కొంగు ముడి విప్పి, రెండు వందలు చాప మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పండక్కి వచ్చిన అమ్మాయికి చూపించాను. "ముందు బ్యాంకులో కట్టిన చీటీలు తియ్యమ్మా" అంది. అన్నీ కూడితే సరిగ్గా 24,000! మరి తప్పెక్కడ? ఒక గడిలో నేను 200 అనే బదులు, చేత్తో రాసే అలవాటు కొద్దీ 200 పక్కన గీత, అడ్డగీత కూడా కొట్టాను. మన కంటికి అది డబ్బే. యంత్రానికి మాత్రం అది అంకె కాదు, మాట. కూడేటప్పుడు మాటల్ని అది పక్కన పెట్టేస్తుంది, ఆ సంగతి మనకు చెప్పదు కూడా. కంప్యూటరు అబద్ధం చెప్పలేదు. నేను వేసింది దానికి అర్థం కాలేదు, అంతే.

మరుసటి సమావేశంలో పదిమంది ముందూ ఆమెకి డబ్బు తిరిగిచ్చి, తప్పు నాదేనని చెప్పుకున్నాను. నాలాంటి పొరపాటు మీకూ, ఆఫీసుల్లో పనిచేసే మీ పిల్లలకూ జరగకూడదని, అమ్మాయి దగ్గర నేర్చుకున్న కిటుకులు ఇక్కడ రాస్తున్నాను.

అంకెలు వేసేటప్పుడు

* పోపుల డబ్బాలో గిన్నెకొక దినుసు వేస్తాం కదా. అలాగే గడికి ఒకటే సంగతి. పేరు ఒక గడిలో, తేదీ ఒక గడిలో, సొమ్ము ఒక గడిలో. సొమ్ము గడిలో ఉత్త అంకె తప్ప రూ. అని గానీ, గీతలు గానీ వద్దు.

* మనం ఏమీ కదిలించకపోతే అంకెలు గడిలో కుడివైపుకి, మాటలు ఎడమవైపుకి చేరతాయి. అంకెల వరసలో ఏదైనా ఎడమకు జరిగి కనిపిస్తే అనుమానించండి. అందంగా ఉంటుందని నేను అన్నిటినీ మధ్యకి జరిపాను. అందుకే నా తప్పు నాకే కనపడలేదు.

* కూడే ముందు లెక్కపెట్టండి. కౌంట్ అనే సూత్రం అంకెలున్న గళ్ళని మాత్రమే లెక్కిస్తుంది. కౌంట్ ఏ అనేది ఏదో ఒకటి రాసి ఉన్న గళ్ళన్నిటినీ లెక్కిస్తుంది. మా పదిమందికి పన్నెండు నెలలంటే 120 రావాలి. కౌంట్ ఏ 120 చూపింది, కౌంట్ 119 చూపింది. తప్పు ఒకే గడిలో ఉందని అమ్మాయి ఇట్టే పట్టేసింది.

* 5/4 అని వేస్తే కొన్ని యంత్రాలు ఏప్రిల్ 5 అనుకుంటాయి, కొన్ని మే 4 అనుకుంటాయి. నెలను అంకెతో కాకుండా ఇంగ్లీషు పేరులోని మూడక్షరాలతో వేస్తే ఈ గొడవ ఉండదు.

* వడ్డీ రేటు ఒక గడిలో పెట్టి, సూత్రాన్ని కిందికి లాగితే రేటు గడి కూడా కిందికి జారిపోతుంది. ఆ గడి పేరులో అక్షరానికి ముందు, అంకెకు ముందు డాలర్ గుర్తు పెడితే మేకు కొట్టినట్టు అక్కడే నిలుస్తుంది. కంప్యూటర్లో ఎఫ్4 మీట నొక్కితే ఆ గుర్తులు అవే వస్తాయి.

* పాలు, కూరలు, మందులు, ఫీజులు అని ఇంటి ఖర్చంతా ఒకే పట్టీగా రాసుకుంటూ పోండి. పివట్ టేబుల్ అనే సదుపాయంతో దేనికెంత అయిందో, ఏ నెలలో ఎంత అయిందో క్షణంలో విడదీసి చూపిస్తుంది. ఆఫీసుల్లో రోజూ వాడేది ఇదే.

ఈ గళ్ళ పలక పుట్టుక కూడా వినదగ్గదే. అమెరికాలో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి క్లాసులో కూర్చుని, నల్లబల్ల మీద ఒక్క అంకె మారితే మిగతావన్నీ తుడిచి మళ్ళీ రాయాల్సి రావడం చూశాడు. అవి వాటంతటవే మారిపోతే ఎంత బాగుండు అనుకున్నాడు. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో విసికాల్క్ తెచ్చాడు. ఎక్సెల్ వచ్చింది 1985లో.

బొమ్మ గీసేటప్పుడు

అంకెల్ని బొమ్మగా చూపించడం అంతకన్నా పాతది. స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో అచ్చువేసిన పుస్తకంలోనే గీతల పటాలు, కడ్డీల పటం ఉన్నాయి. రొట్టె ముక్కల్లాంటి గుండ్రటి పటం 1801లో వచ్చింది. అయితే బొమ్మ కూడా మోసం చేయగలదు సుమండీ!

మా వైపు వేసవిలో తాగే నీళ్ళు కొనుక్కోక తప్పదు. క్యాన్ల ఖర్చు ఒక నెల 580, మరుసటి నెల 620 అయింది. కడ్డీల పటం గీస్తే రెండో కడ్డీ మొదటి దానికి మూడింతలు నిలబడింది. మావారు చూసి "నీళ్ళతో ఏం చేస్తున్నావే?" అని గుడ్లురిమారు. చూస్తే కింద గీత సున్న దగ్గర కాక 560 దగ్గర మొదలైంది. ఎక్సెల్ అప్పుడప్పుడు తనంతట తనే అలా చేస్తుందట. సున్నకు మార్చగానే రెండు కడ్డీలూ దాదాపు సమానమైపోయాయి. కాబట్టి కడ్డీల పటం ఎప్పుడూ సున్న నుంచే మొదలవ్వాలి.

* నెలనెలా మార్పు చూపాలంటే గీత, ఒకదానితో ఒకటి పోల్చాలంటే కడ్డీలు. గుండ్రటి పటంలో నాలుగైదు ముక్కలు దాటితే ఏది పెద్దదో తెలియదు.

* పటం గీసే ముందు అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చండి. నెలల్ని మాత్రం వాటి వరసలోనే ఉంచండి.

* అన్నిటికీ ముగ్గులో రంగులద్దినట్టు రంగులెయ్యకండి. చెప్పదలచుకున్న కడ్డీకి ఒక రంగు, మిగతావాటికి బూడిద రంగు చాలు.

* పైన "నీళ్ళ ఖర్చు" అని ఊరుకోకుండా "మే నెలలో నీళ్ళకి 40 రూపాయలు ఎక్కువైంది" అని రాయండి. చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆఖరి మాట. ఏ లెక్కనైనా నలుగురిలో పెట్టే ముందు ఇంకోదానితో సరిచూడండి. మాకైతే బ్యాంకు చీటీలు, ఆఫీసు వాళ్ళకైతే అసలు బిల్లులు. ఇప్పుడు మా సంఘంలో పేర్లన్నీ తెలుగులోనే టైపు చేస్తున్నాను. ప్రతి నెలా వరస వరసా చదివి వినిపిస్తాను. ఆ రోజు రెండు వందలు పెట్టి వెళ్ళిన ఆమె ఇప్పుడు నా పక్కనే కూర్చుని, వేలితో తన వరస వెతుక్కుని, "ఇదుగో, ఇది నాది" అని ఆ గడి చూసుకున్నాకే లేస్తుంది. మీ ఇంటి లెక్కల్లోనూ రేపే ఒకసారి ఆ కౌంట్ వేసి చూడండి.